ముందు బూట్లు, ఆ తర్వాతే టైపింగు

ఉగాది కార్యక్రమం ముగిసింది. అందరం పులిహోర ప్లేట్లు పట్టుకుని కబుర్లలో పడ్డాం. పన్నెండో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. “అంకుల్, మీరు ఆర్మీలో క్లర్కుగా చేశారటగా? నేనూ దానికే రాద్దామనుకుంటున్నాను. ట్రైనింగులో ఏం చేయిస్తారు?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న వాళ్ళ నాన్నగారు అందుకున్నారు. “చూడండి మాస్టారూ! రంగూన్ దాకా తీసుకొచ్చి, అంతంత ఫీజులు కట్టి చదివిస్తే, వీడికి గుమాస్తాగిరీ కావాలట!”

చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వేశాం. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. అతను అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇలా మన పత్రిక ద్వారా చెబుతున్నాను. ఇది పిల్లల కోసం రాసిందే అయినా అమ్మానాన్నలు కూడా ఒక్కసారి చదవాలని నా మనవి.

గుమాస్తా అంటే చిన్నచూపెందుకు?

మన తాతల కాలంలో కోస్తా జిల్లాలవాళ్ళు ఈ ఊరిని “రంగం” అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగం వచ్చేవారు. కోరంగి రేవు పేరు మీద ఇక్కడివాళ్ళు మనవాళ్ళందరినీ కోరంగీలు అని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సుమారు 4 లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా భారతీయులే. ఓడరేవులో బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. బియ్యం మిల్లుల్లోనూ మనవాళ్ళు పనిచేశారు. ప్రభుత్వ ఆఫీసుల్లో కలం పట్టిన గుమాస్తాల్లో కూడా భారతీయులు చాలామందే ఉండేవారు. రేవులో మూటలు మోసే తండ్రికి కొడుకు గుమాస్తా అయితే చాలనిపించేది. మూడు తరాలు తిరిగేసరికి అదే మాట మనకు నవ్వులాటగా మారింది.

ఇక సైన్యంలో గుమాస్తా సంగతి పూర్తిగా వేరు. బ్రిటిష్ కాలంలో “ఇండియన్ ఆర్మీ కోర్ ఆఫ్ క్లర్క్స్” అని వాళ్ళకు ఒక ప్రత్యేక దళమే ఉండేది. ఈరోజు కూడా ఆర్మీ క్లర్కు అంటే యూనిఫాం వేసుకున్న సిపాయి. తుపాకీ పేల్చడం వస్తేనే అతనికి కుర్చీ ఇస్తారు. బెటాలియన్ ఎక్కడికి వెళితే అతనూ అక్కడికి వెళ్ళాలి. నేను మొదటిసారి టైపు చేసిన సెలవు చీటీల్లో కొన్ని మంచు కురిసే టెంట్లో, కిరోసిన్ లాంతరు వెలుగులో టైపు చేసినవే.

మొదటి రోజు

నేను 1990ల మొదట్లో బెంగళూరులో శిక్షణ పొందాను. చాలా రెజిమెంట్లకు కావలసిన స్టాఫ్ డ్యూటీస్ క్లర్కులను అక్కడి ఆర్మీ సర్వీస్ కోర్ సెంటర్‌లో తయారుచేస్తారు. సామాన్ల లెక్కలు చూసే క్లర్కులకు, స్టోర్ కీపర్లకు సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ సెంటర్ ఉంది. పేర్లు వేరైనా మొదటి రోజు మాత్రం ఎక్కడైనా ఒకటే.

గేటు దాటగానే మంగలి కుర్చీ. ఎంతో ముద్దుగా పెంచుకున్న క్రాపు రెండు నిమిషాల్లో నేల మీద ఉంటుంది. తర్వాత వరుసలో నిలబెట్టి సామాను ఇస్తారు. బూట్లు, పీటీ షూలు, కంబళి, దోమతెర, పళ్ళెం, మగ్గు, నల్ల ట్రంకు పెట్టె. ఆ పెట్టె మీద తెల్ల పెయింటుతో మీ నంబరు, పేరు రాసుకోవాలి. నంబరు ముందు, పేరు తర్వాత. నిద్రలో లేపి అడిగినా ఆ నంబరు తడుముకోకుండా చెప్పాలి. నాకు ఈ రోజుకీ మా ఇంటి ఫోను నంబరుకన్నా అదే ముందు గుర్తొస్తుంది.

ఆ రోజు నుంచి మిమ్మల్ని “రంగరూట్” అంటారు. అంటే కొత్తగా చేరినవాడని అర్థం. నేర్పించే హవల్దారుని “ఉస్తాద్” అనాలి. నాయబ్ సుబేదారు నుంచి పైవాళ్ళను “సాబ్” అనాలి. అన్నా, అంకుల్, సార్ గారూ లాంటివన్నీ ట్రంకు పెట్టె అడుగుకు వెళ్ళిపోతాయి.

తెల్లవారుజామున విజిల్

చీకటి ఉండగానే విజిల్ మోగుతుంది. పక్క సర్ది, గడ్డం గీసుకుని, బూట్లు మెరిపించి మైదానంలో ఉండాలి. పరుగు, పీటీ, టిఫిను, డ్రిల్లు, ఆయుధాల క్లాసు. మధ్యలో గడ్డి పీకడం, బారక్ ఊడవడం. సాయంత్రం ఆటలు, రాత్రి రోల్ కాల్. “నేను క్లర్కు ట్రేడు ఉస్తాద్” అంటే ఇంకో రౌండు పరుగెత్తిస్తారు. క్లర్కుకు ఇందులో ఏ మినహాయింపూ ఉండదు.

మొదటి రెండు వారాల్లో అందరూ ఏడుస్తారు. కొందరు దుప్పట్లో, కొందరు స్నానాల గదిలో. నేను స్నానాల గది బ్యాచి. ఒకరు తప్పు చేస్తే సెక్షన్ మొత్తానికి “రగడా” ఉంటుంది, అంటే శిక్షగా చేయించే కసరత్తు. అది అన్యాయమని మొదట్లో ఉడికిపోయేవాణ్ణి. నెల తిరిగేసరికి పక్కవాడి బూటు లేసు ఊడితే మనమే వంగి కట్టడం అలవాటైంది.

తిండి గురించి కూడా పిల్లలు అడుగుతుంటారు. సైన్యంలో వంటశాలను “లంగర్” అంటారు. కడుపు నిండా పెడతారు. రోటీ, పప్పు, కూర, అన్నం, వారంలో కొన్ని రోజులు గుడ్లు, మాంసం. గోంగూర పచ్చడి మాత్రం ఉండదు. మా బ్యాచిలో గుంటూరు కుర్రాడొకడు ఇంటి నుంచి కారప్పొడి డబ్బా తెచ్చుకున్నాడు. మూడో రోజుకు డబ్బా ఖాళీ. తమిళుడు, మరాఠీవాడు, బీహారీ అందరూ ఖాళీ చేశారు.

భాష

మన పిల్లలకు అసలు కష్టం ఇక్కడే. డ్రిల్లు ఆజ్ఞలు హిందీ. తుపాకీ పాఠం హిందీ. తిట్లు కూడా హిందీలోనే. యాంగాన్‌లో పెరిగిన పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది, ఇంట్లో తెలుగు, బజారులో బర్మీస్ వస్తాయి. హిందీ అంటే సినిమా పాటలే. భయపడవలసింది లేదు. ఉస్తాద్ రోజుకు వందసార్లు “సావధాన్”, “విశ్రామ్” అని అరుస్తుంటే భాష తానే వచ్చేస్తుంది. అయినా చేరబోయే ముందు ఆరు నెలలు హిందీ చదవడం, రాయడం నేర్చుకుంటే సగం రగడా తప్పుతుంది.

ఇక క్లాసు రూము

మైదానంలో కొన్ని నెలలు గడిచాక, తుపాకీ కాల్చడం వచ్చాక ఆఫీసు పాఠాలు మొదలవుతాయి. మా రోజుల్లో రెమింగ్టన్ టైపు మిషన్లు, కార్బన్ పేపర్లు. కీల మీద పేపరు కప్పి, చూడకుండా కొట్టించేవారు. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. చేతిలో సాధనం మారినా నేర్పే విషయం అదే.

మొదటిది ఉత్తరం రాయడం. ఆర్మీ ఉత్తరానికి ఒక పద్ధతి ఉంటుంది. ఫైలు నంబరు ఎక్కడ, తేదీ ఎక్కడ, పేరాలకు అంకెలు ఎలా వేయాలి అన్నీ లెక్క ప్రకారమే. ఒక్క మాట కూడా అలంకారానికి ఉండకూడదు. రెండోది ఫైలు నడపడం. వచ్చిన ప్రతి కాగితం డైరీలో ఎక్కాలి. పోయిన ప్రతి కాగితం డిస్పాచ్ రిజిస్టరులో ఎక్కాలి. మూడోది రహస్యం. రిస్ట్రిక్టెడ్, కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అనే మెట్లు ఏమిటో, ఏ కాగితాన్ని ఎక్కడ తాళం వేయాలో నేర్పుతారు. ఆఫీసులో చూసినది భోజనాల దగ్గర మాట్లాడకూడదు. ఇంట్లో కూడా మాట్లాడకూడదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని “పార్ట్ టూ ఆర్డర్” అంటారు. జవానుకు పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, సెలవుకు వెళ్ళినా, ప్రమోషన్ వచ్చినా, గాయమైనా యూనిట్ క్లర్కు పార్ట్ టూ ఆర్డర్ తయారుచేయాలి. అధికారి సంతకమయ్యాక అది రికార్డ్స్ ఆఫీసుకు, జీతాల ఆఫీసుకు వెళుతుంది. అక్కడ అది నమోదైతేనే పెళ్ళి సైన్యం దృష్టిలో పెళ్ళి. బిడ్డ సైన్యం దృష్టిలో బిడ్డ. రేపు ఆ జవానుకు ఏదైనా జరిగితే పింఛను ఎవరి పేరున వెళ్ళాలో చెప్పేది ఆ కాగితమే.

నేను చేసిన తప్పు

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. అయినా పిల్లలకు చెప్పాలి.

శిక్షణ అయ్యి యూనిట్‌కు వెళ్ళిన మొదటి సంవత్సరం. శ్రీకాకుళం వైపు జవానొకడు పెళ్ళి చేసుకుని సెలవు నుంచి తిరిగొచ్చాడు. అతని పార్ట్ టూ ఆర్డర్ నేనే కొట్టాను. భార్య పేరు అప్పలనరసమ్మ. ఆ రోజు మెయిల్ వెళ్ళే టైమైపోతోందని హడావుడిలో ఉన్నాను. పేరులో సగం మింగేసి “నరసమ్మ” అని కొట్టాను. సరిచూడలేదు. సంతకం అయిపోయింది, పోస్టు అయిపోయింది.

ఏడాది తిరిగాక ఆమె కాన్పుకు ఆసుపత్రికి వెళ్ళింది. చేతిలో ఉన్న కాగితాల్లో ఒక పేరు, మా రికార్డులో ఇంకో పేరు. సరిచేసుకుని రమ్మన్నారు. నొప్పులు వస్తున్న మనిషి ఏం సరిచేసుకుంటుంది? చెవి దుద్దులు తాకట్టు పెట్టి ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. తల్లీబిడ్డా క్షేమం. కానీ పేరు మార్పించడానికి అఫిడవిట్లు, సర్పంచి గారి ఉత్తరం, మళ్ళీ ఇంకో పార్ట్ టూ ఆర్డర్, అంతా కలిపి నెలలు పట్టింది.

హెడ్ క్లర్క్ సాబ్ నన్ను తిట్టలేదు. ఆ పాత కాపీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. “ఆ అమ్మాయికి నువ్వే ఉత్తరం రాయి. మీ భాషలో రాయి. తప్పు ఎవరిదో కూడా రాయి” అన్నారు. రాశాను. ఆ ఒక్క పేజీ రాయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. శిక్షణలో నెలల తరబడి నేర్పింది ఆ మూడు రాత్రుల్లో నాకు అర్థమైంది. ఆ తర్వాత సర్వీసంతా ప్రతి పేరునూ వేలు పెట్టి, అక్షరం అక్షరం బయటకు చదివి గానీ పైకి పంపలేదు.

టౌక్యాన్ స్తంభాల దగ్గర

మనలో చాలామంది పిల్లల్ని తీసుకుని టౌక్యాన్ వార్ సిమెట్రీకి వెళ్ళే ఉంటారు. ఊరి నుంచి ఉత్తరంగా ప్యే రోడ్డు మీద సుమారు 35 కిలోమీటర్లు. పచ్చటి గడ్డి, వరుసగా రాళ్ళు, మధ్యలో రంగూన్ మెమోరియల్ స్తంభాలు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయి, సమాధి కూడా తెలియని దాదాపు 27,000 మంది పేర్లు ఆ స్తంభాల మీద చెక్కారు. వాళ్ళలో భారతీయ సైనికులు ఎంతోమంది.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క విషయం ఆలోచించండి. 1942లోనో 1945లోనో ఇక్కడి అడవుల్లో ఒక సిపాయి పోయాడు. ఆ సమాచారం కాగితం మీదకు ఎక్కించినవాడు ఒకడుండాలి. నంబరు, పేరు, ఊరు, తండ్రి పేరు సరిచూసి, పైకి పంపినవాడు ఒకడుండాలి. చుట్టూ బాంబులు పడుతున్నా ఆ పని ఆగకపోబట్టే ఆ పేర్లు ఈరోజు రాతి మీద ఉన్నాయి. అదే సిమెట్రీలో పేరు తేలని సమాధులు 867 ఉన్నాయి. వాటి ముందు నిలబడితే, పేరు రాసిపెట్టడం చిన్న పని కాదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మన కుటుంబాలకు ఇది ఇంకా బాగా తెలియాలి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు ఉన్నదున్నట్టు వదిలి కాలినడకన బయలుదేరారు. దారిలో పోయినవాళ్ళెందరి పేర్లో ఏ కాగితం మీదా లేవు. సిపాయి పేరు రాయడానికి ఒక గుమాస్తా ఉన్నాడు. వాళ్ళ పేర్లు రాయడానికి ఎవరూ లేరు.

మన పిల్లలు చేరాలంటే

ముందుగా ఒక మాట. ఈ వ్యాసం భారత పాస్‌పోర్టు ఉన్న పిల్లల గురించి. మయన్మార్ పౌరులైన మన తెలుగు కుటుంబాల సంగతి వేరు. ఇక్కడి సైనిక సేవా చట్టం 2010లో వచ్చింది, 2024 ఫిబ్రవరి 10న అమల్లోకి తెచ్చారు. అది ఈ దేశ పౌరులకు వర్తిస్తుంది.

భారత సైన్యంలో 2022 నుంచి సిపాయి స్థాయి ఉద్యోగాల్లో చాలావరకు అగ్నిపథ్ పద్ధతిలోనే. అంటే నాలుగేళ్ళ సర్వీసు. ఆ తర్వాత 25 శాతం వరకే పర్మనెంటుగా తీసుకుంటారు. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి పోతుంది. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. నాలుగేళ్ళ తర్వాత బయటకు వచ్చేవాళ్ళకు ఆ నిధి చేతికి వస్తుంది, పింఛను ఉండదు. మా రోజుల్లో చేరినవాడికి పింఛను ఖాయమన్న ధీమా ఉండేది. ఇప్పుడది లేదని పిల్లలకు ముందే చెప్పాలి. నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తావని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే అప్లికేషన్ పెట్టించండి.

గుర్తుంచుకోవలసినవి:

• చదువు: పన్నెండో తరగతి, ఏ గ్రూపైనా సరే. మొత్తం మీద 60 శాతం, ప్రతి సబ్జెక్టులో కనీసం 50 శాతం. ఇంగ్లీషుతోపాటు లెక్కలు, అకౌంట్స్, బుక్ కీపింగులలో ఏదో ఒకటి ఉండాలి.

• ఎత్తు: క్లర్కు విభాగానికి 162 సెంటీమీటర్లు. పెళ్ళి కాకూడదు.

• రాత పరీక్ష: కంప్యూటర్ మీద, గంట సమయం, 50 ప్రశ్నలు, 200 మార్కులు. అందులో సగం ఇంగ్లీషే. మన పిల్లలకు ఇది కలిసొచ్చే విషయం. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. టైపింగు పరీక్ష కూడా పెట్టారు.

• పరుగు: 1.6 కిలోమీటర్లు. తర్వాత పుల్ అప్స్, తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం, వైద్య పరీక్ష.

• ఎక్కడ: సొంత జిల్లాను బట్టి. ఆంధ్రప్రదేశ్‌వాళ్ళకు గుంటూరు, విశాఖపట్నం, తెలంగాణవాళ్ళకు సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులు. ఇక్కడ యాంగాన్‌లో పరీక్ష ఉండదు. ర్యాలీకి ఇండియా వెళ్ళాల్సిందే.

• కాగితాలు: సొంత ఊరి నేటివిటీ సర్టిఫికెట్టు, మార్కుల పత్రాలు, క్యారెక్టర్ సర్టిఫికెట్టు, ఆధార్. విదేశీ బోర్డులో చదివిన పిల్లలకు గ్రేడ్లు ఉంటాయి, శాతాలు ఉండవు. అందుకని తుల్యతా పత్రం గురించి ఏడాది ముందే తెలుసుకోండి. పాస్‌పోర్టు విషయాలకు మర్చంట్ స్ట్రీట్‌లోని మన ఎంబసీ ఉంది. వయసు, తేదీలు, నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటన చూసుకోవడం తప్పనిసరి.

ఇక ఆడపిల్లలు అడుగుతారు. ఆర్మీలో అగ్నివీర్ క్లర్కు విభాగం ప్రస్తుతానికి మగపిల్లలకే. అమ్మాయిలకు ఆర్మీలో మిలిటరీ పోలీసు ఉంది. ఎయిర్ ఫోర్సు, నేవీ అగ్నివీర్ ఉద్యోగాలకు వాళ్ళూ రాయొచ్చు.

ఈ రోజు నుంచే ఇంట్లో

సైన్యంలో చేరినా చేరకపోయినా, పిల్లలూ, ఈ నాలుగు పనులు చేసి చూడండి. పొద్దున్నే ఇన్యా లేక్ గట్టు మీద పరుగెత్తండి. వానాకాలంలో కూడా మానకండి. మీ పక్క మీరే సర్దుకోండి. వారానికొక ఉత్తరం అమ్మమ్మకో తాతగారికో తెలుగులో రాయండి. నాలుగోది, ఒక సాయంత్రం మీ ఇంట్లోవాళ్ళ పాస్‌పోర్టులు, జనన పత్రాలు, స్కూలు సర్టిఫికెట్లు అన్నీ బల్ల మీద పరిచి, పేర్లు, పుట్టిన తేదీలు ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో చూడండి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే రాసిపెట్టుకోండి. నా అనుభవంలో పది ఇళ్ళలో ఏడిళ్ళకు ఏదో ఒక తేడా ఉంటుంది. అది పట్టుకున్నవాళ్ళు క్లర్కు శిక్షణలో మొదటి పాఠం పాసైనట్టే.

శిక్షణ చివర “కసమ్ పరేడ్” జరుగుతుంది. జెండా ముందు ప్రమాణం చేసే ఆ రోజుకు అమ్మానాన్నలను పిలుస్తారు. చాలా సెంటర్లలో తల్లిదండ్రుల ఛాతీ మీద “గౌరవ్ పదక్” అని ఒక పతకం కూడా పెడతారు. మా నాన్న కాలంలో అది లేదు. ఆయన మైదానం అంచున నిలబడి, వందల మంది గుండుగాళ్ళలో కొడుకెవరో తెలియక, చివరిదాకా వేరే కుర్రాణ్ణి చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ మాట తర్వాత చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

ఉగాది నాడు ప్రశ్న అడిగిన బాబూ, ఇదీ నా జవాబు. మీ నాన్నగారితో కలిసి చదువు. ఆ తర్వాత ఇద్దరూ ఒక ఆదివారం మా ఇంటికి రండి. నా పాత ట్రంకు పెట్టె ఇంకా ఉంది. మూత మీద నంబరు చూపిస్తాను. అది చూడకుండా మీ నాన్నగారు అడిగితే చెప్పగలనో లేదో కూడా అక్కడే తేల్చుకుందాం.